అక్క ప్రోగ్రెస్ కార్డులో అరవై మూడు

మా సుగుణక్క పోయి నాలుగు నెలలైంది. మొన్న ఆదివారం ఆమె మనవరాలు షారోన్ చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. ఒక చేతిలో రేకు పెట్టె, భుజాన ల్యాప్‌టాప్ సంచీ. మాది నాంపల్లి స్టేషన్‌కు ఇవతలి సందులో మూడో అంతస్తు. లిఫ్టు బాగుచేయిస్తామని అసోసియేషన్ వాళ్లు చెబుతూనే ఉన్నారు, మేం మెట్లెక్కుతూనే ఉన్నాం. పిల్ల రొప్పుతూ పెట్టెను దివాన్ మీద పెట్టి, "అమ్మ పంపింది తాతా. అమ్మమ్మ కాయిదాలు. ఏది ఉంచాలె, ఏది పారెయ్యాలె నీకే తెలుస్తదంట" అంది. ఆ పెట్టె నాకు తెలుసు. అది మొదట మా నాయనది. ఆయన పోయినప్పుడు అక్క ఇంకేమీ అడగకుండా అదొక్కటే అడిగి తీసుకుపోయింది. నేను మూత మీద చెయ్యి వేశానే గాని తెరవలేదు.

షారోన్ ఇంటర్ రెండో సంవత్సరం. డిగ్రీకి ఏదో కాలేజీకి అప్లికేషన్ పెడుతోంది. వాళ్లు తొమ్మిదో తరగతి నుంచి అన్ని మార్కులూ అప్‌లోడ్ చేయమంటున్నారట. "ఫస్ట్ ఇయర్‌ల మాథ్స్ జర తగ్గినయి తాతా. నువ్వు కాలేజ్ ఆఫీసుల చేసినవ్ కద, గిట్లాంటివి చూస్తరా?" అని అడిగింది. ఆబిడ్స్‌లో ఒక కాలేజీలో ముప్పై ఏళ్ల పైచిలుకు అడ్మిషన్ల బల్ల దగ్గర కూర్చున్న మనిషిని నేను. రిటైరయ్యాక నన్ను ఈ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. ఉబ్బితబ్బిబ్బై, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా మొదలుపెట్టాను. మొదట చూసేది చివరి పరీక్ష మొత్తం. తర్వాత అడిగిన గ్రూపుకు కావలసిన సబ్జెక్టు. మధ్యలో ఒక పరీక్షలో ఐదారు మార్కులు తగ్గి మళ్లీ లేస్తే, మా బల్ల దగ్గర ఎవరూ దాన్ని చూసిన పాపాన పోలేదు. పిల్లలన్నాక జ్వరాలొస్తాయి, ఇళ్లల్లో చావులూ పెళ్లిళ్లూ జరుగుతాయి. అన్ని సబ్జెక్టుల్లోనూ ఏడాదికేడాది దిగజారుతూ వస్తే మాత్రం ప్రిన్సిపాల్ గారు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఏమైందమ్మా అని అడిగేవారు. ఉన్నమాట చెబితే తలూపి సంతకం పెట్టేవారు.

"నీకెందుకు తగ్గినయి?" అన్నాను. "ఫోన్ చూస్కుంట కూసున్న తాతా. ఇంగ వేరే రీజనేం లేదు" అని నవ్వింది. ఆ నవ్వు అచ్చం అక్కదే, కింది పెదవి ఒక పక్కకు లాగి. నేనూ నవ్వాను. అప్పుడు ఆ పిల్ల ల్యాప్‌టాప్ తెరుస్తూ, చాలా మామూలుగా, "నా దోస్తొకతి పీడీఎఫ్‌ల నాలుగైదు మార్కులు మార్చిస్త అంటున్నది. నాలుగైదే. ఎవరికి తెలుస్తది?" అంది. నా చెయ్యి ఇంకా ఆ పెట్టె మూత మీదే ఉంది. ఆ మూత చల్లగా తగిలింది. "షారోన్, అది ముయ్యి. జర కూసో" అన్నాను. తర్వాత గంటసేపు ఏం చెప్పానో, ముందుది వెనక, వెనకది ముందు చేసి ఎలా చెప్పానో నాకే సరిగ్గా గుర్తులేదు. ఇక్కడ కాస్త వరుసలో పెడుతున్నాను. ఈ సంగతి నా భార్యకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

మా చిన్నప్పుడు ఇదే నాంపల్లిలో, రైలు పట్టాలకు దగ్గరగా, రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. మెదక్ వైపు నుంచి మా తాత మిషన్ స్కూల్లో పనికని వస్తే, నాయన ఆబిడ్స్‌లో ఒక ప్రెస్సులో ప్రూఫ్‌రీడర్‌గా కుదురుకున్నాడు. రైలు కూత వేసినప్పుడల్లా అమ్మ జొన్నరొట్టె తట్టడం ఆపేది కాదు గాని మాట్లాడడం ఆపేది, కూత అయిపోయాక మాటను ఆపినచోటి నుంచే అందుకునేది. నాయన ఇంటికి రాగానే వాసనే ముందు వచ్చేది. ప్రెస్సులో అచ్చు సిరా, అది కడుక్కోవడానికి రాసుకున్న కిరసనాయిలు, ఆ కిరసనాయిలు వాసన పోవడానికి అమ్మ ఇచ్చే నిమ్మచెక్క. ఈ మూడూ కలిసిన వాసన ఇప్పుడు ఈ నగరంలో ఎక్కడా లేదు. చంకలో పాత పేపర్లో చుట్టిన ప్రూఫులు, చెవి మీద ఎర్ర పెన్సిలు. ఆ పెన్సిలును బ్లేడుతో చెక్కి, ఆ చెక్కును కూడా కింద పడనీయకుండా అగ్గిపెట్టెలో వేసేవాడు. ఆదివారం చర్చి అయ్యాక ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూడ్డానికి మమ్మల్ని తీసుకుపోయేవాడు. అక్కడ కొనడం తక్కువ, తప్పులు దిద్దడం ఎక్కువ. "పెద్దమనిషీ, కొంటే కొను, గీతలు గియ్యకు" అని దుకాణాలవాళ్లు ఆయన్ని కేకలేసేవాళ్లు. నుమాయిష్‌కు వెళ్లినా అంతే. జెయింట్ వీల్ మేం చూస్తే, ఆయన బోర్డుల మీద అక్షరాలు చూసేవాడు.

సాయంత్రం టీ అయ్యాక ప్రూఫుల పని మొదలయ్యేది. ప్రూఫు ఒక్కరు చూసేది కాదు. ఒకరు రాతప్రతి పైకి చదవాలి, ఇంకొకరు అచ్చును కళ్లతో వెంబడించాలి. చదివేది అక్క. పదేళ్ల వయసు నుంచి ఆమే చదివేది. చాప మీద నాయనకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని, జడ ముందుకు వేసుకుని, గొంతులో ఏ ఊగిసలాటా లేకుండా, "ఆ గ్రామమున కామా ఒక రైతు కామా అతనికి ముగ్గురు కొడుకులు ఫుల్‌స్టాప్" అని చదువుకుంటూ పోయేది. వంటింట్లోంచి అమ్మ కథ వింటూ, ఎవరైనా చచ్చిపోయేచోట కామా చెబితే ఆగి మరీ నవ్వేది. నేను పక్కన కూర్చుని ఆ గుర్తులన్నీ నేర్చుకున్నాను. సరిగ్గా ఉన్నదాన్ని పొరపాటున కొట్టేస్తే, దాని కింద చుక్కలు పెట్టాలి. ముందున్నదే ఒప్పు, దాన్నే ఉంచు అని దాని అర్థం. తప్పు దొరికితే, అచ్చు అక్షరాలు పేర్చడంలో ఆ తప్పు చేసిన కంపోజిటర్ పేరులోని మొదటి అక్షరం అంచులో రాసి సున్నా చుట్టాలి. యాదగిరి చేస్తే యా, రహీం చేస్తే ర. ఎవరి తప్పు వాళ్ల దగ్గరికే పోవాలి, ఇంకొకరి మీద పడొద్దు అనేవాడు నాయన. అంకెలు మాత్రం మన పని కాదనేవాడు. "అంకె ఆకారం సక్కగున్నదా లేదా, గంతే మనం చూసేది. కూడుడు, తీసుడు లెక్కలోళ్ల పని." ఆ ఇంట్లో లెక్కలు వచ్చింది అక్క ఒక్కదానికే. కిరాణా చీటీ మీద చూపు ఒకసారి అలా జార్చి మొత్తం చెప్పేసేది. లెక్కల టీచర్ కావాలని ఆమె కోరిక. సుద్దముక్కతో వాకిట్లో బండ మీద లెక్కలు వేసి, నన్నూ పక్కింటి పిల్లల్నీ కూర్చోబెట్టి, నెమలికన్ను రంగు ఓణీ నడుముకు చుట్టుకుని మాకు పాఠాలు చెప్పేది.

నేను రాసే ఎనిమిదికి పైన ఒక తోక ఉండేది. కలం పైనుంచి మొదలుపెట్టి, మెలికలు తిప్పి, చివర ఎత్తకుండా కాస్త బయటికి లాగేవాణ్ణి. "నీ ఎనిమిదికి తోకేందిరా సామేలూ, తొండ పిల్ల లెక్క" అని నాయన నా నోటుబుక్కు చూసినప్పుడల్లా అనేవాడు. నేను మానలేదు. పన్నెండేళ్లవాడికి అదొక దర్జా.

అక్క మెట్రిక్ చదివే ఏడు అమ్మకు టైఫాయిడ్ వచ్చింది. మూడు వారాలు దవాఖానలో ఉంది. అక్క పొద్దున వంట చేసి, టిఫిన్ డబ్బా దవాఖానలో ఇచ్చి, అక్కణ్ణుంచి స్కూలుకు పోయి, సాయంత్రం మళ్లీ దవాఖానకు పోయి, వచ్చి ప్రూఫులు చదివేది. నేను తినేవాణ్ణి. అప్పుడే అర్ధసంవత్సర పరీక్షలు జరిగాయి. అంతకుముందు లెక్కల్లో డెబ్బై ఒకటి వచ్చిన అక్కకు అరవై మూడు వచ్చాయి. తర్వాత ప్రీఫైనల్లో డెబ్బై రెండు వచ్చాయి. ప్రోగ్రెస్ కార్డు వచ్చిన సాయంత్రం ప్రార్థనకు ముందు మా ఇంట్లో అదొక పద్ధతి, మార్కులు కూడా ప్రూఫు చదివినట్టే పైకి చదవాలి. అక్క చదివింది, నాయన కార్డు చూశాడు. అరవై మూడు దగ్గర పెన్సిలు ఆగింది. గీయలేదు, ఊరికే ఆగింది. "అమ్మ దవాఖానల ఉన్నప్పటిది నాయనా" అంది అక్క. "నాకెర్క బిడ్డా. కాలేజోళ్లకు ఎర్క లేదు కద. పేజీ మొత్తం సక్కగున్నా కన్ను పొయ్యేది తప్పు కాడికే. వాళ్లు మొదలు చూసేది గీ అరవై మూడునే" అన్నాడు. ఆయన కోప్పడలేదు. ఇరవై ఏళ్లుగా తప్పులు వెతికిన మనిషికి లోకమంతా అలాగే చూస్తుందన్న నమ్మకం. ఆ రోజు నుంచి ఆ అంకె అక్కను పట్టుకుంది. నీళ్లు పడుతూ, బియ్యం ఏరుతూ, ఉన్నట్టుండి "ఇంకో ఐదొస్తే పోయేది కదరా" అనేది నాతో. మెట్రిక్ ఫస్టుక్లాసులో పాసైంది. అయినా ఆ మాట మానలేదు.

కాలేజీకి అప్లికేషన్ ఇవ్వడానికి వెళ్లే ముందురోజు సంగతి ఇది. ఆ కాలేజీ ఆబిడ్స్‌లోనే, ఆడపిల్లలది. మెమోతోపాటు స్కూలు ప్రోగ్రెస్ కార్డు కూడా జతపరచమన్నారు. మధ్యాహ్నం నాయన ఒక్కడే పాత పుస్తకాలు చూడ్డానికి పోయాడు, అమ్మ కునుకు తీస్తోంది, అక్క కుళాయి దగ్గర బట్టలు ఉతుకుతోంది. కార్డు నాయన బల్ల మీద గాజు పేపర్‌వెయిట్ కింద ఉంది. నేను నాయన స్టీలు పాళీ తీసుకుని, నల్లనీలి సిరాలో ముంచి, అరవై మూడులోని మూడుకు నోళ్లు మూశాను. ఇంగ్లిషు అంకెలు కదా, మూడుకు ఎడమవైపు రెండు వంపులు కలిపితే ఎనిమిది. ప్రూఫులో తప్పు దిద్దినట్టే దిద్దాననుకున్నాను. అద్దుడు కాగితంతో అద్ది, మళ్లీ పేపర్‌వెయిట్ పెట్టి, కిటికీ దగ్గరికి పోయి రైళ్లు చూస్తూ నిలబడ్డాను. నాకు ఎంత సంతోషమో చెప్పలేను. అక్కకు కావలసిన ఐదూ నేనే ఇచ్చాను. పైన చిన్న తోక మిగిలిందన్నది నేను చూడలేదు. కింద మొత్తం మార్చాలన్నది అసలు తట్టలేదు. అంకె ఆకారం చూడాలి, కూడడం మన పని కాదు, మా ఇంటి చదువు అదే.

మరునాడు అక్కకు తోడు నేనే వెళ్లాను. నాయనకు ప్రెస్సులో తీరిక లేదు. అక్క గంజి పెట్టిన ఓణీ వేసుకుని, సర్టిఫికెట్ల కవరు గుండెకు ఆనించుకుని వరుసలో నిలబడింది. బల్ల అవతలి గుమాస్తా పెద్దాయన. మనిషి మెత్తన, చెయ్యి చురుకు. ఆయన ఒక్కో కాగితం చూస్తూ, ప్రోగ్రెస్ కార్డు రాగానే అలవాటుగా పెన్నుతో నిలువు వరుస పైనుంచి కిందికి కూడాడు. మళ్లీ కూడాడు. కార్డు ఎత్తి కిటికీ వెలుగుకు పట్టాడు.

"ఏందమ్మా గిది? కింద మూడు వందల ఎనభై నాలుగున్నది. కూడితె ఎనభై తొమ్మిదొస్తున్నది. ఎవలు దిద్దిన్రు?"

అక్క కార్డు చూసింది. ఆమెకు ఒక్క క్షణం చాలు, లెక్కలు వచ్చిన పిల్ల. తర్వాత నా వైపు చూసింది. నా ముఖం కాదు, నా చెయ్యి. చూపుడువేలు గోరు పక్కన నిన్నటి సిరా ఇంకా ఉంది. నేను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

"నేనే సార్" అంది అక్క.

"నీకేం కర్మమమ్మా? అరవై మూడుంటే సీటియ్యమా? మార్కులు మెమోల చూస్కుంటం. గీ కార్డు చూసేది నడవడిక కోసం. గదే చెడగొట్టుకుంటివి కదా" అన్నాడాయన. కోపంగా కూడా అనలేదు, బాధగానే అన్నాడు. "పో, మీ నాయనను తోల్కరా." దారి పొడవునా అక్క నాకు ముందే నడిచింది. మా సందు మలుపులో ఆగి, నా వేలు పట్టుకుని, కొంగు తడి చేసి ఆ సిరా తుడిచింది. "నాయన ముందట నువ్వేం మాట్లాడకు. నీదైతే తోలు తీస్తడు. నన్నేం అనడులే, నేను చదవకపోతే ఆయన ప్రూఫులెట్ల అయితయి?" అంది. నిజంగా అలాగే అనుకుంది ఆమె.

నాయన ఆమెను ఒక్క మాట అనలేదు. మరునాడు మమ్మల్నిద్దర్నీ వెంటబెట్టుకుని కాలేజీకి వచ్చాడు. గుమాస్తా గారు నాయనకు కుర్చీ చూపించి, "చిన్నపిల్ల సార్, భయంతోని చేసింది. సోమవారం లోపల స్కూల్ల డూప్లికేట్ కార్డు తీస్కొని తెండ్రి. నేను లోపలేస్త, పెద్దసార్‌కు నేను చెప్పుకుంట" అన్నాడు. నాయన కూర్చోలేదు. కార్డు చేతిలోకి తీసుకుని, మడతపెట్టి, జేబులో పెట్టుకున్నాడు. "వద్దు సార్. ఉన్నది మార్చేటోళ్లకు సదువెందుకు" అన్నాడు. అక్క సర్టిఫికెట్ల కవరును మళ్లీ గుండెకు ఆనించుకుంది. నేను ఆమె పక్కనే, ఆమె గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాను.

అది మంగళవారం. సోమవారానికి ఆరు రోజులు. ఆ ఆరు రోజులూ నాకు ఒక్కొక్కటిగా గుర్తున్నాయి. బుధవారం నాయన ముఖం కడుక్కుంటుంటే తువ్వాలు పట్టుకుని వెళ్లాను, చెప్పడానికే. ఆయన తువ్వాలు తీసుకుని వెళ్లిపోయాడు. గురువారం అమ్మతో చెప్దామనుకుని, ఆకలవుతోందని చెప్పాను. శుక్రవారం ప్రార్థనలో మోకాళ్ల మీద ఉండగా నాయన, ప్రభువా, మా ఇంట్లో అబద్ధం ఉంటే క్షమించు అన్నాడు. అక్క ఆమెన్ అంది. నేను కూడా అన్నాను. శనివారం సాయంత్రం టీ అయ్యాక నాయన ప్రూఫులు విప్పి, వంటింటి వైపు చూడకుండా, "సామేలూ, రా. చదువు" అన్నాడు. రొట్టెపిండి చేతులతో అక్క గడపలో నిలబడి ఉంది. చాప మీద ఆమె కూర్చునే చోట చాప కొంచెం అరిగి ఉండేది. నేను వెళ్లి అక్కడే కూర్చున్నాను. ఎలా కూర్చోగలిగానో ఈనాటికీ నాకు అర్థం కాదు. కామాలు చెప్పడం మరిచిపోతుంటే, ఎన్నడూ లేనిది, నాయన విసుక్కోకుండా తనే పెట్టుకున్నాడు. ఆదివారం చర్చికి పోయాం, మటన్ తిన్నాం. సోమవారం గడిచిపోయింది.

అక్క నాంపల్లిలో టైపు నేర్చుకుంది. తర్వాత కోర్టు బయట చెట్టు కింద బల్ల వేసుకున్న ఒక టైపిస్టు దగ్గర చేరి, కొన్నేళ్లకు ఆ బల్ల తనే తీసుకుంది. ఊళ్లో వాళ్ల తగాదాలూ అఫిడవిట్లూ ముప్పై ఏళ్లు టైపు కొట్టింది. ఒక్క తప్పు పోయేది కాదని వకీళ్లు ఆమె కోసం నిలబడి మరీ కొట్టించుకునేవాళ్లు. పెళ్లి చేసుకుంది, కూతుర్ని కన్నది, ఆ కూతురికి లెక్కలు తనే చెప్పింది. బాగానే బతికింది అనొచ్చు. నేను అలా అనుకుని చాలాసార్లు ఊరట తెచ్చుకున్నాను కూడా. కాని ఆమె ఎదురుగా బెంచీ మీద పిల్లలు లేరు, కక్షిదారులున్నారు. నేను మాత్రం కాలేజీకి పోయాను. నా ప్రోగ్రెస్ కార్డు చూస్తే నవ్వొస్తుంది, ఒక టర్ములో డెబ్బై, ఇంకో టర్ములో నలభై తొమ్మిది. ఎవరూ ఒక్క మాట అడగలేదు. తర్వాత నేను చదివిన కాలేజీ ఆఫీసులోనే ఉద్యోగం వచ్చింది. మొదటిరోజు స్వీటు డబ్బాతో అక్క బల్ల దగ్గరికి వెళ్తే, కార్బన్ మరకల చేతులతో ఒక ముక్క తీసుకుని, "కార్డులు మంచిగ చూడురా. పిల్లలు దూరంకెల్లి వస్తరు" అంది. అంతకు మించి యాభై ఏళ్లలో ఆమె ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆమె చివరి వారం దవాఖానలో పక్కన కూర్చున్నప్పుడు కూడా, నోటిదాకా వచ్చింది, మందుల సమయమైందని లేచాను.

ఇంతవరకు విని షారోన్ ల్యాప్‌టాప్ పక్కన పెట్టింది. ఫోన్ తీసి ఆ స్నేహితురాలికి ఏదో పంపింది. "వద్దని చెప్పిన తాతా" అంది. తర్వాత నన్ను అడగకుండానే పెట్టె తెరిచింది. పైన అక్క బైబిలు, దాని కింద నాయన భూతద్దం, ఎర్ర పెన్సిలు చెక్కు ఉన్న అగ్గిపెట్టె, మెట్రిక్ మెమో, దాని మడతలో ఆ కార్డు. అట్ట పసుపుపచ్చగా మారింది. మధ్య మడత దగ్గర చిరిగితే ఎవరో, అక్కే అయ్యుంటుంది, పల్చని కాగితంతో అతికించారు. కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. ఎనిమిది కింద ఎర్ర పెన్సిలుతో మూడు చుక్కలున్నాయి. అంచులో, అదే ఎర్ర పెన్సిలుతో, సున్నా చుట్టి ఒక అక్షరం ఉంది. సా.

ఆ అక్షరం నాయనది. ఆ రాత వేలసార్లు చూసినవాణ్ణి, పొరపాటు పడను. ఇరవై ఏళ్లుగా ఎవరి తప్పు ఎవరిదో అక్షరం ఆకారం చూసి చెప్పిన మనిషి, నా ఎనిమిది తోకను గుర్తుపట్టడా? ఇంత చిన్న సంగతి నాకు ఇన్నేళ్లూ తట్టలేదు. ఆయన ఎప్పుడు రాశాడో కార్డు మీద లేదు. కాని ఒకటి మాత్రం అప్పుడే గుర్తుకొచ్చింది. నేను చాప మీద అక్క చోట కూర్చున్న శనివారం నుంచి, ఆయన పోయేదాకా, నాయన నా ఎనిమిది గురించి ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. తోక అలాగే ఉంది. అప్పట్లో అది నా అదృష్టమనుకున్నాను. శనివారానికే తెలిసి ఉంటే, సోమవారానికి ఇంకా రెండు రోజులున్నాయి. గుమాస్తా ముందు అన్న మాట వెనక్కి తీసుకోవడానికి ఆయనకు నోరు రాలేదా? నన్ను కాపాడాడా, తన మాటను కాపాడుకున్నాడా? ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది, వెంటనే జాలి కూడా వచ్చింది. ఆయన పోయాక ఈ పెట్టె అక్క దగ్గరికి చేరింది. అంటే ఆమె కూడా ఈ అక్షరం చూసింది. నాయనకు తెలుసని ఆమెకు తెలుసు. ఒకే ఇంట్లో, ఒకే చాప మీద మోకరించి, ముగ్గురం ఒకే సంగతిని ఎవరికి వారం దాచుకున్నాం. మా ఇద్దరి మౌనానికీ మూల్యం చెల్లించింది అక్క ఒక్కతే.

"అమ్మమ్మ ఎందుకు చెప్పలే తాతా? ఆమెన్న నీతోని చెప్పొచ్చు కద?" అంది షారోన్. మడత దగ్గర అతికించిన పల్చని కాగితం మీద వేలు పెట్టి చూపించాను. కిటికీ బయట మెట్రో పోయింది. అది కూత వెయ్యదు కాబట్టి మాట ఆపవలసిన పని లేదు, అయినా నేను అలవాటుగా అది పోయేదాకా ఆగి, కార్డు దివాన్ మీద పెట్టాను. తర్వాత ఆ పిల్ల ల్యాప్‌టాప్ తెరిచి, తన మార్కులు ఉన్నవి ఉన్నట్టే నింపడం మొదలుపెట్టింది. నేను ఆమె మెమోలు పట్టుకుని ఒక్కో సబ్జెక్టూ, ఒక్కో అంకే పైకి చదివాను, ఆమె తెర మీద చూసుకుంది. మార్కులు ఎందుకు తగ్గాయో రాయడానికి ఒక గడి ఉంటే, శ్రద్ధగా చదవలేదు అని రాసి, నా వైపు చూసింది. బాగుందన్నాను. అంతా అయ్యాక ఆమె అక్క కార్డు తన చేతిలోకి తీసుకుని, "గిది గూడ చదువుదామా?" అంది. నేను తలూపాను. అక్క గొంతులాగే, ఏ ఊగిసలాటా లేకుండా చదువుకుంటూ వచ్చింది. తెలుగు డెబ్బై నాలుగు. హిందీ యాభై ఎనిమిది. ఇంగ్లిషు అరవై ఆరు. తర్వాత ఆగింది.

"లెక్కలు. ఏం చదవాలె తాతా? అరవై మూడా, అరవై ఎనిమిదా?"

యాభై ఏళ్ల కింద ఒక బల్ల ముందు, గొడుగు పట్టుకుని నిలబడి చెప్పవలసిన మాట అది.

"అరవై మూడు" అన్నాను. "దిద్దింది నేను."